ఫైలు ముట్టినట్టు రసీదు ఎవరిస్తారు? రొయ్యల ప్లాంట్లకు, రైస్ మిల్లులకు ఫైల్ ట్రాన్స్‌ఫర్, మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఆకివీడు దగ్గర ఒక రొయ్యల ప్లాంటు. పట్టుబడులు జోరుగా సాగుతున్న రోజులు. రైతులకు వేయాల్సిన సొమ్ముల జాబితాను మా ప్రోగ్రాము ఒక ఫైలుగా తయారుచేసి, బ్యాంకు కోసం కేటాయించిన ఫోల్డరులో పెడుతుంది. బ్యాంకు సర్వరు ఐదు నిమిషాలకోసారి వచ్చి అక్కడ ఏముంటే అది తీసుకుపోతుంది. ఆ సాయంత్రం కూడా తీసుకుపోయింది. స్క్రీను మీద ఆకుపచ్చ టిక్కు పడింది, అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. తెల్లారేసరికి గేటు దగ్గర జనం. "ఆయ్, పుస్తకంలో నా పేరుందన్నారండి, డబ్బే పడలేదండి" అని ఒకరి తర్వాత ఒకరు.

జరిగింది చిన్నదే. మా ప్రోగ్రాము ఇంకా ఫైలు రాస్తూ ఉండగానే బ్యాంకు సర్వరు వచ్చింది. అప్పటికి రాసినంతే పట్టుకెళ్లింది. సగం ఫైలు కూడా చూడటానికి మామూలు ఫైలులాగే ఉంది కాబట్టి అటువైపు ఎవరికీ అనుమానం రాలేదు. పోనీ మొత్తం మళ్లీ పంపుదామంటే, ముందు సగం మందికి రెండుసార్లు పడతాయి. ఆ రోజంతా అకౌంటెంటు గారూ నేనూ కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంటుతో పేరుపేరునా సరిచూశాం. ఆ లింకు పెట్టింది నేనే. ఎన్‌క్రిప్షన్ పక్కాగా ఉంది, పాస్‌వర్డులు గట్టివి, దొంగ ఎవరూ రాలేదు. అయినా రైతు చేతికి డబ్బు అందలేదు.

అప్పటి నుంచి ఎవరైనా "ఏ సాఫ్ట్‌వేరు కొనమంటారండి?" అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే: మీరు పంపింది ముట్టినట్టు రసీదు ఎవరిస్తారు? ప్రోనోటు మీద "సొమ్ము ముట్టినది" అని రాయించుకోకుండా మనం రూపాయి కూడా ఇవ్వం. రోజుకు లక్షల రూపాయల లెక్క మోసే ఫైలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పచ్చ టిక్కును నమ్మేస్తాం. ఈ పోలిక అంతా ఆ రసీదు చుట్టూనే చేస్తాను. భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ప్లాంట్లు, మండపేట వైపు మిల్లులు, అంబాజీపేటలో కొబ్బరి పీచు ఎగుమతి చేసేవాళ్లు, మేత డీలర్లు, వీళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ఫైలా, మెసేజా?

కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే, చాలామంది తేల్చుకోకుండానే కొటేషను అడుగుతారు.

సాయంత్రం అన్నీ ఎక్కించి ఒక్కసారిగా బయలుదేరే లారీ లాంటిది ఫైలు. రోజు మొత్తం మీద చెల్లింపుల జాబితా, కంటైనరు ప్యాకింగ్ లిస్టు, నెలాఖరు స్టాకు ఇవన్నీ ఫైళ్లు. ఇవి అరగంట ఆలస్యమైనా కొంప మునగదు, సగంలో ఆగిపోతే మాత్రం మునుగుతుంది.

మెసేజు పాల కేంద్రం లాంటిది. ఒక్కొక్కరూ వచ్చి క్యాను పోస్తారు, కొలత, వెన్న శాతం చూస్తారు, అక్కడికక్కడే చీటీ ఇస్తారు. కాటా మీద ఒక టబ్బు తూగగానే ఆ బరువు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), చెరువు నంబరు లెక్కల సాఫ్ట్‌వేరుకు చేరాలంటే అది మెసేజు పని. కోల్డ్ స్టోరేజీలోంచి ఒక కార్టను బయటికి వెళ్తే స్టాకులో వెంటనే తగ్గాలంటే అదీ మెసేజు పనే.

మెసేజు చేయాల్సిన పనిని ఫైళ్లతో చేయిస్తే నిమిషానికో చిన్న ఫైలు పుట్టి ఫోల్డరు నిండిపోతుంది, ఏది చదివారో ఏది చదవలేదో తెలియదు. ఫైలు చేయాల్సిన పనిని మెసేజులతో చేయిస్తే, వెయ్యి మంది చెల్లింపుల్లో మధ్యలో మూడు ఎక్కడో ఆగిపోతాయి, మొత్తం కూడితే తేడా వస్తుంది. మన దగ్గర చాలా వ్యాపారాలకు నూటికి ఎనభై పాళ్ల పని ఫైలుదేనని నా అనుభవం. అందుకే దాని గురించి ఎక్కువ చెబుతాను.

వాట్సాప్, మెయిలు, పెన్‌డ్రైవు

ఇప్పటికీ నడుస్తున్నవి ఇవే. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, నిజమే. కానీ ఆ ఫైలు ఆగేది ఒక ఉద్యోగి సొంత ఫోనులో. ఆయన ఉద్యోగం మానేసిన రోజున రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ కాపీలు ఆయనతో పాటే వెళ్లిపోతాయి. మెయిలులో జిప్ ఫైలు పంపి, దాని పాస్‌వర్డు కూడా అదే మెయిలులో రాసేవాళ్లను రోజూ చూస్తున్నాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, వ్యక్తిగత సమాచారానికి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. చెరువు రైతు మనల్ని నమ్మి ఇచ్చిన పాస్‌బుక్కు కాపీకి ఆ మాత్రం గౌరవం ఇవ్వడానికి చట్టం భయం అక్కర్లేదు.

ఎఫ్‌టీపీ అంటే కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే పాత పద్ధతి. ఇప్పుడు వాడే దాని ప్రమాణం 1985 నాటిది. అందులో పాస్‌వర్డు కూడా తెరిచిన ఉత్తరంలాగే వెళ్తుంది. ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ వారమే తీసేయండి.

ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్

పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకుంటారు. ఎఫ్‌టీపీఎస్ అంటే పాత ఎఫ్‌టీపీకే టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ తొడుగు వేసినది. ఎస్‌ఎఫ్‌టీపీకి పాత ఎఫ్‌టీపీతో చుట్టరికం లేదు, అది ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన లింకు పద్ధతి మీద నడుస్తుంది. ఈ ఎస్ఎస్‌హెచ్ పుట్టుక తెలుసుకోదగ్గది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలిస్తే, అక్కడ పనిచేసే తాతు యులొనెన్ దానికి విరుగుడుగా దీన్ని రాశారు. 1999 నుంచి దానికి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే ఉచిత రూపం ఉంది. ఇవాళ లినక్సు సర్వర్లలో ఎక్కువగా నడిచేది అదే. విండోస్ సర్వర్ 2019 నుంచి అక్కడా అదనపు సౌకర్యంగా పెట్టుకోవచ్చు.

ఈ రెండిట్లో ఒకటి ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే ఎస్‌ఎఫ్‌టీపీ తీసుకోండి. దానికి ఒక్క పోర్టు (సర్వరులోకి వెళ్లే నంబరున్న దారి) చాలు, మామూలుగా 22. ఎఫ్‌టీపీఎస్‌కు ఆజ్ఞలకొక పోర్టు, డేటాకు వరసగా మరికొన్ని పోర్టులు తెరవాలి. పల్లెటూరి ప్లాంటులో రూటరు మార్చిన ప్రతిసారీ అది చెడుతుంది, మళ్లీ నాలాంటి వాడు రావాలి. అవతలి పార్టీ పట్టుబడితే తప్ప ఎఫ్‌టీపీఎస్ జోలికి వెళ్లొద్దు.

ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టేటప్పుడు పాస్‌వర్డు బదులు తాళంచెవుల జత వాడండి. ఒకటి మీ దగ్గరే ఉంటుంది, రెండోదాన్ని బ్యాంకుకు ఇస్తారు. మొదటిసారి కలిసినప్పుడు సర్వరు తన వేలిముద్ర లాంటి ఒక అక్షరాల వరస చూపిస్తుంది. చాలామంది చదవకుండానే ఎంటర్ కొడతారు. బ్యాంకు మనిషికి ఫోను చేసి ఆ వరస చదివి సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలే అసలు భద్రత. బయటివాళ్లకు ఖాతా ఇస్తే, వాళ్ల ఫోల్డరు దాటి బయటికి రాకుండా కట్టేయండి. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో దానికి ఏర్పాటు ఉంది. బొమ్మల తెర కావాలనుకుంటే ఎస్‌ఎఫ్‌టీపీగో అనే ఓపెన్ సోర్సు సర్వరు బాగుంటుంది. పంపే వైపు విండోస్ అయితే విన్ఎస్‌సీపీతో స్క్రిప్టు రాసి షెడ్యూలు చేయవచ్చు. ఇంతవరకు లైసెన్సు ఖర్చు సున్నా.

దీనికున్న లోటు నా కథలో చూశారు. ఎస్‌ఎఫ్‌టీపీ ఫైలును భద్రంగా మోసుకెళ్తుంది, కానీ అవతలివాడు దాన్ని పూర్తిగా అందుకున్నాడని సంతకం పెట్టి చెప్పదు. ఆ లోటును మనమే పూడ్చుకోవాలి. ఫైలును ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టాలి. అసలు పేరున్న వాటినే తీసుకునేలా బ్యాంకు వైపు ఏర్పాటు ఉండాలి. ఫైలు చివర ఎన్ని వరసలు, మొత్తం ఎంత సొమ్ము అన్నది ఒక వరసలో రాయాలి. అది లేని ఫైలును, లెక్క కలవని ఫైలును తోసిపుచ్చేలా బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి. తిరుగు ఫోల్డరులో వాళ్లు ఒక జవాబు ఫైలు పెట్టాలి, అది అరగంటలో రాకపోతే మన ఫోనుకు సందేశం రావాలి. ప్రతి ఫైలుకూ ఒక వరస నంబరు ఉండాలి, అదే నంబరు రెండోసారి వస్తే బ్యాంకు తీసుకోకూడదు. ఈ ఏర్పాట్లన్నీ ఒక మనిషికి వారం రోజుల పని. ఇవి చేశాక ఆకివీడు ప్లాంటులో అలాంటి ఉదయం మళ్లీ రాలేదు.

కొన్ని బ్యాంకులు ఎస్‌ఎఫ్‌టీపీతో పాటు ఫైలును పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో కూడా మూయమంటాయి. విసుక్కోకండి. దారిలో ఉన్నంతసేపు ఎస్‌ఎఫ్‌టీపీ కాపాడుతుంది, దిగాక సర్వరు మీద పడి ఉన్న ఫైలును పీజీపీ కాపాడుతుంది.

ఏఎస్2: సంతకంతో రసీదు

అమెరికా సూపర్ మార్కెట్లకు నేరుగా సరుకు అమ్మాలనుకునే ప్లాంటుకు ఏదో ఒక రోజు ఈ పేరు వినపడుతుంది. కంపెనీలు ఆర్డర్లు, ఇన్వాయిసులు ఇంటర్నెట్టులో పంపుకునే పద్ధతి ఇది. వాల్‌మార్ట్ 2002లో తన సరఫరాదారులను ఏఎస్2 వాడమని అడగడంతో ఇది వ్యాపించింది, 2005లో ప్రమాణంగా అచ్చయింది. పనిచేసే తీరు మన పాత రిజిస్టరు పోస్టును గుర్తు చేస్తుంది. ఉత్తరానికి మనం సంతకం పెట్టి, అవతలి వాళ్ల తాళంతో మూసి పంపుతాం. వాళ్ల సర్వరు తెరిచి, అందిన దాని లెక్క కట్టి, ఆ లెక్కతో సహా సంతకం చేసిన రసీదు తిప్పి పంపుతుంది. ఆ రసీదును ఎండీఎన్ అంటారు. మనం పంపిన దాని లెక్క, వాళ్లు రాసిన లెక్క ఒకటైతే మధ్యలో అక్షరం కూడా మారలేదని అర్థం. మాకు అందలేదని తర్వాత వాళ్లు అనలేరు, మేం పంపలేదని మనమూ అనలేం.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే ఎగుమతి వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎండీఎన్ వచ్చిందంటే కవరు అందిందని మాత్రమే. కవరులోని కాగితాన్ని వాళ్ల కంప్యూటరు చదవగలిగిందని చెప్పేది వేరే రసీదు. వ్యాపార కాగితాలకు నంబర్లు పెట్టే అమెరికా ఎక్స్12 పద్ధతిలో దాని నంబరు 997. కొనుగోలు ఆర్డరు 850, సరుకు బయలుదేరిన కబురు 856, ఇన్వాయిసు 810. మీరు 856 పంపారు, ఎండీఎన్ వచ్చింది, 997 రాలేదు అనుకోండి. కవరు వాళ్ల గుమ్మంలో ఉంది, కానీ లోపలి కాగితం ఎవరూ చదవలేదు. కంటైనరు విశాఖ రేవు దాటి సముద్రంలో ఉంటుంది, వాళ్ల గోదాము లెక్కలో దాని ఊసే ఉండదు. 997 వచ్చినా కూడా ధర ఒప్పుకున్నారని కాదు, కాగితం రూపం సరిగ్గా ఉందని మాత్రమే. ఏ సాఫ్ట్‌వేరు చూపించినా, ఈ రెండు రసీదులనూ ఒకే తెర మీద పక్కపక్కన చూపగలదా అని అడగండి. చూపలేకపోతే రోజూ ఒక మనిషి కూర్చుని కలపాల్సిందే.

ఏఎస్2కు ఇంకో షరతు, మన సర్వరు ఇరవైనాలుగు గంటలూ ఇంటర్నెట్టులో అందుబాటులో ఉండాలి. అవతలి వాళ్లు తమకు వీలైనప్పుడు పంపుతారు, మన అర్ధరాత్రి వాళ్లకు పగలు. మెండెల్సన్ ఏఎస్2కు ఉచిత ఎడిషను ఉంది, ఓపెన్‌ఏఎస్2 పూర్తిగా ఓపెన్ సోర్సు. డబ్బు పెట్టి కొనేవైతే డ్రమండ్ పరీక్ష పాసయ్యాయా లేదా చూడండి. వేరువేరు కంపెనీల ఏఎస్2 సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడగలవో లేదో చూసే పరీక్ష అది. సర్వరు నడిపే ఓపిక లేకపోతే, మీ తరఫున ఏఎస్2 నడిపి మీకు మామూలు ఎస్‌ఎఫ్‌టీపీలో ఫైళ్లు అందించే సేవలు ఉన్నాయి. నెలకు ఒకరిద్దరు కొనుగోలుదారులే ఉన్న ప్లాంటుకు అదే చవక.

నా సలహా గట్టిగా చెబుతాను. కొనుగోలుదారు కాగితం మీద రాసి అడిగే దాకా ఏఎస్2 కొనకండి. మన ప్లాంట్లలో చాలావాటి సరుకు అక్కడి దిగుమతిదారుకు వెళ్తుంది, ఆయన సూపర్ మార్కెట్టుకు ఇస్తాడు. ఏఎస్2 బాధ ఆయనది. ఆయన మన నుంచి కోరేది చెరువు దాకా వెనక్కి వెళ్లగలిగే వివరాలు. అమెరికా సముద్రాహార దిగుమతి పర్యవేక్షణ పథకంలో 2018 డిసెంబరు 31 నుంచి రొయ్యలు కూడా చేరాయి. ఏ చెరువు, ఎప్పుడు పట్టారు, ఎంత బరువు అన్నవి దిగుమతిదారు చూపించాలి. ఆ వివరాలు శుభ్రంగా, వేళకు ఒక పట్టికగా వెళ్తే ఆయనకు ఎస్‌ఎఫ్‌టీపీ చాలు.

ఎంఎఫ్‌టీ: అన్నీ ఒకే గొడుగు కింద

పార్టీలు పెరిగేకొద్దీ స్క్రిప్టులు అడవిలా పెరుగుతాయి. రాసినవాడు హైదరాబాదు ఉద్యోగానికి వెళ్లిపోతాడు, ఏ స్క్రిప్టు ఏం చేస్తుందో తెలియదు. అప్పుడు పనికొచ్చేవి మేనేజ్డ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఉత్పత్తులు. ఐబీఎం స్టెర్లింగ్, యాక్స్‌వే, గోఎనీవేర్, మూవ్‌ఇట్, క్లియో ఈ కోవలోవి. ఎస్‌ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్, ఏఎస్2 అన్నీ ఒకే చోట ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తీశారో రికార్డు ఉంటుంది, ఆగిపోయినది దానంతట అదే మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఖరీదు పక్కన పెడితే, కొనేముందు 2023 సంగతి తెలుసుకోవాలి. ఆ ఏడాది మొదట్లో గోఎనీవేర్‌లో, మే నెలాఖరులో మూవ్‌ఇట్‌లో అప్పటిదాకా ఎవరికీ తెలియని లోపాలను పట్టుకుని క్లాప్ అనే ముఠా డేటా ఎత్తుకుపోయింది. మూవ్‌ఇట్ ఒక్కదాని వల్లే ప్రపంచవ్యాప్తంగా రెండు వేలకు పైగా సంస్థలు దెబ్బతిన్నాయి. 2024 డిసెంబరులో క్లియో ఉత్పత్తుల వంతు వచ్చింది. వీటిని తయారుచేసేవాళ్లు అసమర్థులని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఊళ్లో అందరి నగలూ ఒకే ఇనప్పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను రోడ్డు మీద ఉంచితే దొంగల కన్ను దాని మీదే పడుతుంది. ఈ పెట్టెలు ఎప్పుడూ ఇంటర్నెట్టుకు ఎదురుగానే ఉంటాయి.

కాబట్టి ఎంఎఫ్‌టీ కొంటే మూడు పనులకు మనిషి ఉండాలి. లోపాలు సరిచేసే ప్యాచ్ వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే వేయాలి. అడ్మిన్ తెర బయటి ఇంటర్నెట్టుకు కనపడకూడదు. గోఎనీవేర్ దాడికి ఆ తెర బయటికి తెరిచి ఉండటమే దారి ఇచ్చింది. ఫైలు అందిన వెంటనే పెట్టెలోంచి తీసేసి లోపలి సర్వరుకు మార్చాలి. మూవ్‌ఇట్ బాధితుల్లో ఎవరి పెట్టెలో పాత ఫైళ్లు పేరుకుపోయి ఉన్నాయో వాళ్లకే నష్టం ఎక్కువ. ఆ మనిషి మీ దగ్గర లేకపోతే, ఎంత మంచి ఉత్పత్తి అయినా వద్దనే చెబుతాను. బయటి పార్టీలు పది దాటే దాకా దీని అవసరం రాదు.

మెసేజుల వైపు

జీఎస్టీ ఈ-ఇన్వాయిసు అందరికీ తెలిసిన మెసేజు. 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారాలకు అది తప్పనిసరి. ఒక్కో ఇన్వాయిసు వివరాలు పంపితే, ఐఆర్ఎన్ అనే ఇన్వాయిసు గుర్తింపు నంబరు, క్యూఆర్ కోడు వెంటనే తిరిగి వస్తాయి. అడిగిన వెంటనే జవాబు వచ్చే ఈ పద్ధతిని ఏపీఐ అంటాం. ఇందులో రసీదు జవాబులోనే ఉంది. చిక్కల్లా ఒకటే, అడిగిన క్షణంలో రెండు వైపులా పనిచేస్తూ ఉండాలి. అటువైపు సర్వరు ఆగినా, ఇటువైపు నెట్టు పోయినా పని ఆగుతుంది.

ఆ చిక్కు తీర్చేది క్యూ. కాలువ మీద లాకులు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పైన నీటిమట్టం, కింద నీటిమట్టం ఒకటి కాకపోయినా పడవ దాటుతుంది, ఎందుకంటే మధ్యలో ఆగడానికి ఒక గది ఉంది. కాటా పంపిన బరువు క్యూలో ఆగుతుంది, లెక్కల సాఫ్ట్‌వేరు లేచాక తీసుకుంటుంది.

మన స్థాయి వ్యాపారానికి క్యూ నడిపే సాఫ్ట్‌వేరుగా నేను రాబిట్ఎంక్యూ చెబుతాను. ఉచితం, ఒక మామూలు సర్వరు మీద నడుస్తుంది, తెర చూస్తే ఎక్కడ ఎన్ని ఆగాయో తెలుస్తుంది. కానీ పెట్టగానే భద్రం అనుకోవద్దు. క్యూ డ్యూరబుల్‌గా (సర్వరు ఆగి లేచినా నిలిచేలా) ఉండాలి, మెసేజు పర్సిస్టెంట్‌గా (డిస్కు మీద రాసి ఉంచేలా) ఉండాలి, క్యూలో పడిందని పంపినవాడికి కన్ఫర్మ్ రావాలి, పని పూర్తయ్యాకే తీసుకున్నవాడు అక్నాలెడ్జ్ చేయాలి. ఈ నాలుగిట్లో ఏది తగ్గినా కరెంటు పోయిన క్షణంలో మెసేజులు గాలిలో కలిసిపోతాయి. నాలుగూ ఉన్నా, ఒకే మెసేజు రెండుసార్లు రావడం మాత్రం ఆగదు. పని చేశాడు, అక్నాలెడ్జ్ చేసేలోపు కరెంటు పోయింది, మళ్లీ వస్తుంది. అందుకే ప్రతి కాటా చీటీకీ సొంత నంబరు ఇచ్చి, ఆ నంబరు ముందే ఉంటే రెండోసారి రాయకుండా లెక్కల సాఫ్ట్‌వేరులో కట్టుదిట్టం చేయాలి. ఒక టబ్బు రొయ్యలు రెండు టబ్బులుగా లెక్కకెక్కితే మనం నష్టపోతాం, ఎక్కకపోతే రైతు నష్టపోతాడు.

కాఫ్కా పేరు ఈ మధ్య బాగా వినిపిస్తోంది. లింక్డ్‌ఇన్ వాళ్లు తయారుచేసి 2011లో బయటికి ఇచ్చారు. జరిగిన ప్రతిదాన్నీ వరసగా రాసి ఉంచి, పదిమంది పదిచోట్ల నుంచి ఎవరి వేగంతో వాళ్లు చదువుకునేలా చేయడం దాని గొప్ప. దాన్ని సరిగ్గా నడపాలంటే కనీసం మూడు సర్వర్లు, తెలిసిన మనిషి కావాలి. ఒక్క ప్లాంటుకు అది అనవసరం. బ్యాంకులు, పెద్ద కంపెనీల గ్రూపుల్లో ఉండే క్యూ సాఫ్ట్‌వేరు ఐబీఎం ఎంక్యూ 1993 నుంచి నిలబడిన గట్టి సరుకు. మీ మాతృసంస్థ దగ్గర ఇప్పటికే ఉంటే దాన్నే వాడుకోండి, కొత్తగా కొనాల్సిన పని లేదు.

చెరువు గట్టు మీద ఆక్సిజన్ మీటర్లు పెట్టేవాళ్లకు మాత్రం ఎంక్యూటీటీ అనే మెసేజు పద్ధతి సరైనది. 1999లో ఎడారిలో చమురు పైపుల కొలతలను ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి పుట్టింది కాబట్టి, సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా తక్కువ డేటాతో నెట్టుకొస్తుంది. ఏరియేటరు ఆగిందనే హెచ్చరిక తెల్లవారుజామున తప్పకుండా రావాలంటే క్యూఓఎస్ 1 (ముట్టినట్టు జవాబు వచ్చేదాకా పంపే స్థాయి) పెట్టండి, సున్నా వద్దు. టీఎల్ఎస్‌తో 8883 పోర్టు వాడండి.

కరెంటు, వరద, గడువు తేదీలు

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడు కోనసీమలో కరెంటు ఎన్నాళ్లు పోతుందో 1996 నవంబరు చూసినవాళ్లు చెబుతారు. ప్లాంటులో జనరేటరు ఉంటుంది, కానీ అది ముందు బ్లాస్ట్ ఫ్రీజరుకు, కోల్డ్ స్టోరేజీకి. సర్వరు గది సంగతి చివర్లో గుర్తొస్తుంది. అందుకని బయటివాళ్లు వచ్చి తలుపు తట్టే సర్వరును, అది ఎస్‌ఎఫ్‌టీపీ అయినా ఏఎస్2 అయినా, ప్లాంటులో పెట్టకండి. హైదరాబాదులోనో ముంబైలోనో ఉన్న డేటా సెంటరులో అద్దెకు తీసుకోండి. ప్లాంటులోని ప్రోగ్రాము అక్కడికి వెళ్లి తెచ్చుకుంటుంది, ఇచ్చి వస్తుంది. రెండు రోజులు నెట్టు లేకపోయినా అమెరికా కొనుగోలుదారు పంపిన ఆర్డరు పోదు. ప్లాంటులో ఫైబరుతో పాటు వేరే కంపెనీ సిమ్ముతో ఒక రూటరు, రెండిటికీ కలిపి చిన్న యూపీఎస్ ఉండాలి.

సర్వరు ఎవరిదో రుజువు చేసే సర్టిఫికెట్ల గడువు ఇంకో కనపడని గొయ్యి. ఏఎస్2లో సర్టిఫికెట్టు గడువు దాటితే రసీదులు ఆగిపోవచ్చు. ఇటు ఎఫ్‌టీపీఎస్, ఏపీఐల్లో వాడే పబ్లిక్ టీఎల్ఎస్ సర్టిఫికెట్ల గరిష్ఠ కాలం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100 రోజులు, 2029లో 47 రోజులకు తగ్గుతుంది. డైరీలో రాసుకుని చేత్తో మార్చే పద్ధతి ఇక కుదరదు. కొత్తగా కొనే సాఫ్ట్‌వేరు సర్టిఫికెట్టును తనంతట తాను కొత్తది తెచ్చుకోగలగాలి. ఈ విషయంలోనూ తాళంచెవుల జతతో నడిచే ఎస్‌ఎఫ్‌టీపీయే తేలిక.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు చిన్న కంపెనీలకూ వర్తిస్తాయి. సర్వరు మీద దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, సర్వరులో ఏం జరిగిందో రాసే లాగ్ రికార్డులు 180 రోజులు దాచాలి, సర్వర్ల గడియారాలు ప్రభుత్వ సమయ సర్వర్లతో కలిసి ఉండాలి. గడియారం తేడా ఉంటే రసీదు మీద టైము కూడా తప్పే పడుతుంది, తగాదా వచ్చినప్పుడు ఆ రసీదు నిలబడదు.

ఎవరికి ఏది

మండపేట వైపు ఒక రైస్ మిల్లు, ఒక బ్యాంకు, ఒక ఆడిటరు, జీఎస్టీ: ఎస్‌ఎఫ్‌టీపీ, పైన చెప్పిన తిరుగు జవాబు ఏర్పాట్లు, ఈ-ఇన్వాయిసుకు మీ లెక్కల సాఫ్ట్‌వేరులోనే ఉన్న ఏపీఐ. ఇంతకు మించి ఎవరు అమ్మజూపినా తీసుకోవద్దు.

మేత డీలరుకు అసలు ఇబ్బంది కంపెనీ పోర్టలు, తన టాలీ రెండూ వేరువేరుగా ఉండటం. అక్కడ కంపెనీ ఇచ్చిన ఏపీఐ ఉందా అని అడగండి. లేకపోతే రోజుకు రెండుసార్లు ఎస్‌ఎఫ్‌టీపీ ఫైలు.

రెండు మూడు వందల మంది రైతుల నుంచి కొని, రెండు మూడు దేశాలకు పంపే రొయ్యల ప్లాంటుకు: బయటికి ఎస్‌ఎఫ్‌టీపీ, లోపల కాటాకు, కోల్డ్ స్టోరేజీకి, లెక్కలకు మధ్య రాబిట్ఎంక్యూ, కొనుగోలుదారు అడిగితే ఏఎస్2ను సేవగా తీసుకోవడం. మూడు నాలుగు ప్లాంట్లు, సొంత మేత ఫ్యాక్టరీ, సొంత హేచరీ ఉన్న గ్రూపు అయితే ఎంఎఫ్‌టీ ఆలోచించవచ్చు, దాన్ని చూసుకునే ఉద్యోగిని ముందు పెట్టుకుని, ఆ తర్వాతే.

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టకముందు అమ్మేవాళ్లను ప్లాంటుకు పిలిపించి ఒక పూట పరీక్ష పెట్టండి. పెద్ద ఫైలు వెళ్తుండగా నెట్టు తీగ పీకండి. తీగ మళ్లీ పెట్టాక ఏం జరిగిందో మీ అకౌంటెంటు గారికి ఆ తెర చూసి అర్థం కావాలి, అమ్మేవాడు వివరించకూడదు. అదే ఫైలును రెండుసార్లు పంపండి, రెండోది తోసిపుచ్చాలి. మొత్తం కలవని ఫైలు ఒకటి పంపండి. గడువు దాటిన సర్టిఫికెట్టు పెట్టి చూడండి, ఎవరి ఫోనుకు ఏ సందేశం వచ్చిందో రాసుకోండి. చివరగా, రాత్రి రెండింటికి ఆగిపోతే ఫోను ఎత్తే మనిషి పేరు, నంబరు కొటేషను కాగితం మీదే రాయించుకుని, వాళ్లు ఊరు దాటకముందే ఆ నంబరుకు ఒకసారి ఫోను చేయండి.